ఖాళీ లైను దగ్గరే తేలిపోవాలి

విడవలూరు వైపు ఒక రొయ్యల గుంట గట్టు మీద, నీళ్లలో ఆక్సిజన్ కొలిచే పరికరం ఉందనుకుందాం. పది నిమిషాలకోసారి రీడింగు తీసి పోస్ట్ రిక్వెస్టుగా సర్వరుకు పంపుతుంది. సర్వరు తిరిగి చెప్పాల్సిందేమీ లేదు, 'అందింది' అంటే చాలు. హెచ్‌టీటీపీలో, అంటే వెబ్‌లో క్లయింటూ సర్వరూ మాట్లాడుకునే పద్ధతిలో, దానికి సరైన జవాబు 204. హెడర్లేమీ (మెసేజ్ గురించిన వివరాల లైన్లు) పెట్టకపోతే అది ఎంత చిన్నదో లెక్కపెట్టి చూడండి. వెర్షను 8 బైట్లు, స్పేసు 1, అంకెలు 3, మళ్లీ స్పేసు 1, 'నో కంటెంట్' అన్నది ఇంగ్లీషులో 10, లైను ముగింపు గుర్తయిన సీఆర్‌ఎల్‌ఎఫ్ 2, ఆపైన ఖాళీ లైను 2. మొత్తం 27 బైట్లు. ఇరవై ఏడో బైటు అందిన క్షణాన జవాబు పూర్తయింది, ఇక రావాల్సింది ఏమీ లేదు.

ఆ తర్వాత కూడా పరికరంలోని పార్సర్ (వచ్చిన బైట్లను విడదీసి చదివే కోడు) 'బాడీ (హెడర్ల తర్వాతి అసలు సరుకు) ఇంకా రాలేదే' అని కూర్చుంటే తర్వాతి రీడింగు కదలదు. రాత్రిపూట కిరణజన్య సంయోగక్రియ ఉండదు, నీళ్లలోని నాచూ రొయ్యలూ ఆక్సిజన్ వాడుకుంటూనే ఉంటాయి కాబట్టి అది అన్నిటికంటే తగ్గేది తెల్లవారేముందే. లీటరుకు 4 మిల్లీగ్రాముల కిందికి పోకుండా ఏరేటర్లు వేసుకోవాల్సిన ఆ వేళలో ఫోనులో పాత అంకె కనిపిస్తుంటే, 'ఏందబ్బయ్యా, మిషను పనిచేస్తుందా లేదా' అని అడిగే రైతుకు ప్రోటోకాల్ గురించి ఏం చెబుతాం?

బాడీ ఉన్న మెసేజ్‌లను చదవడం కష్టమనీ, బాడీ లేనివి వాటంతటవే కుదిరిపోతాయనీ చాలామంది అనుకుంటారు. నా అనుభవం దీనికి సరిగ్గా తలకిందులు. బాడీ ఉంటే ఒక పొడవు ఉంటుంది, లెక్కపెడతాం, అయిపోతుంది. బాడీ లేదని తెలుసుకోవడానికి మాత్రం అవతలి నుంచి సాక్ష్యంగా ఒక్క బైటూ రాదు. దాన్ని పార్సర్ తనంతట తానే నిర్ణయించుకోవాలి. నా వాదన ఇంతే: ఆ నిర్ణయం హెడర్ల చివరి ఖాళీ లైను దగ్గర, ఒకే ఫంక్షనులో, ఒకే వరసలో జరగాలి. దానికి కావాల్సిన సమాచారమంతా అప్పటికే పార్సర్ చేతిలో ఉండాలి. అలా లేని పార్సర్ ఎంత వేగంగా పనిచేసినా నేను దాన్ని సగం పార్సర్ కిందే లెక్కేస్తాను.

ఆ వరస కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. హెచ్‌టీటీపీ/1.1కి 2022లో వచ్చిన ప్రామాణిక పత్రం ఆర్‌ఎఫ్‌సీ 9112 ఆరో భాగంలో ఉంది. దానికి ముందు 2014 నాటి 7230లోనూ, 1999 నాటి 2616లోనూ కొద్ది తేడాలతో ఇదే వరస. రెస్పాన్సు అయితే మొదట చూడాల్సింది హెడర్లు కావు. ఇది హెడ్ అనే, హెడర్లు మాత్రమే అడిగే రిక్వెస్టు మెథడ్‌కి జవాబా? స్టేటస్ 1తో మొదలయ్యే మూడంకెలదా, 204 ఆ, 304 ఆ? వీటిలో ఏదైనా అయితే ఖాళీ లైనుతో మెసేజ్ అయిపోయింది. హెడర్లలో ఏమి రాసి ఉన్నా సరే, బాడీ లేదు. రెండోది, మధ్యవర్తి సర్వరు (ప్రాక్సీ) గుండా నేరుగా దారి అడిగే కనెక్ట్ మెథడ్‌కి 2తో మొదలయ్యే జవాబు వస్తే ఖాళీ లైను తర్వాత కనెక్షన్ మొత్తం సొరంగమైపోతుంది, ఇక అక్కడ హెచ్‌టీటీపీ లేదు. ఈ రెండూ దాటాకే బాడీ చంక్డ్‌గా, అంటే ముక్కలుముక్కలుగా, వస్తోందని చెప్పే హెడర్ ట్రాన్స్‌ఫర్-ఎన్‌కోడింగ్, దాని తర్వాత బాడీ పొడవు చెప్పే కంటెంట్-లెంగ్త్. ఏదీ లేకపోతే రిక్వెస్టుకు సున్నా, రెస్పాన్సుకు కనెక్షన్ మూసేదాకా.

ఈ వరస తిరగేసి రాసిన కోడు ఎన్నిచోట్ల కనిపిస్తుందో చెప్పలేను. కంటెంట్-లెంగ్త్ ఉందా, ఉంటే అన్ని బైట్లు చదువు, లేకపోతే స్టేటస్ చూడు. మామూలు గెట్, పోస్ట్‌లతో ఇది చక్కగా పనిచేస్తుంది, అందుకే టెస్టులన్నీ పాసవుతాయి. 304 వచ్చిన రోజున దెబ్బ తింటుంది.

304 సంగతి దగ్గరగా చూద్దాం. బ్రౌజర్ దగ్గర ఒక బొమ్మ ఇప్పటికే ఉంది. 'ఇది మారిందా?' అని ఈట్యాగ్ (ఆ ప్రతిని గుర్తించే ముద్ర) పెట్టి అడుగుతుంది. మారలేదు కాబట్టి సర్వరు 304 అంటుంది. ఆ జవాబులో కంటెంట్-లెంగ్త్: 48213 అని ఉండొచ్చు, ప్రామాణికం దానికి ఒప్పుకుంటుంది. ఆ అంకెకు అర్థం 'ఇప్పుడు 48213 బైట్లు పంపుతున్నాను' అని కాదు, 'ఇదే గెట్‌కు 200 ఇచ్చి ఉంటే అన్ని బైట్లు వచ్చేవి' అని. హెడ్ జవాబులోనూ అంతే. చీమకుర్తిలో రాయి క్వారీలోనే ఉంది, దాని బరువు మాత్రం కాటా చీటీ మీద రాసి ఖాళీ లారీని పంపారనుకోండి, ఈ హెడర్ అలాంటిది. ఆ చీటీ చూసి రాయి దించడానికి క్రేను తెప్పించి నిలబెట్టేవాడిని ఏమంటాం? ఎద్దు ఈనిందంటే గాట కట్టెయ్యమన్నట్టు, అంకె కనిపించగానే బైట్ల కోసం ఎదురుచూసే పార్సర్ అదే పని చేస్తోంది.

ఈ తప్పుకు ఒక గుర్తు ఉంది, లాగులు చూసేవాళ్లకు బాగా పనికొస్తుంది. రాని 48213 బైట్ల కోసం కాచుకున్న క్లయింటు, అవతలివాడు కనెక్షన్ మూసేదాకా కదలదు. వెబ్ సర్వర్లలో, అపాచీ 2.4లో కీప్-అలైవ్ గడువు (ఖాళీగా ఉన్న కనెక్షన్‌ను తెరిచి ఉంచే సమయం) డీఫాల్టుగా 5 సెకన్లు, ఎంజిన్‌ఎక్స్‌లో 75. కాబట్టి కొన్ని జవాబులు మాత్రమే సరిగ్గా 5 సెకన్లో సరిగ్గా 75 సెకన్లో ఆలస్యమవుతుంటే నెట్‌వర్కును తిట్టుకోకండి. నెట్‌వర్కు ఆలస్యాలు అటూ ఇటూ ఊగుతాయి, ఇలా గుండ్రటి అంకెల మీద నిలబడవు. పార్సర్ బాడీ పొడవు ఎలా తేలుస్తోందో చూడండి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, దాన్ని తేలిగ్గా తీసెయ్యలేను. 'పార్సర్ అంటే బైట్లు తీసుకుని మెసేజ్ ఇచ్చేది. దానికి ముందెప్పుడో పంపిన రిక్వెస్టుతో పనేంటి? పొరలు వేరుగా ఉంచాలి గదా?' పొరలు వేరుగా ఉంచాలన్నది మంచి మాటే. కానీ హెచ్‌టీటీపీ/1.1 రాసినవాళ్లు ఆ అవకాశం మనకు ఇవ్వలేదు. హెడ్‌కు వచ్చిన 200 జవాబూ గెట్‌కు వచ్చిన 200 జవాబూ ఖాళీ లైనుదాకా ఒక్క బైటు తేడా లేకుండా ఉండొచ్చు. ఒకదాని తర్వాత బాడీ వస్తుంది, రెండోదాని తర్వాత తర్వాతి జవాబు స్టేటస్ లైను వస్తుంది. బైట్లు మాత్రమే చూసి ఈ రెండింటినీ విడదీయడం ఎవరి వల్లా కాదు. తెలివైన కోడు రాస్తే కుదిరేది కాదిది. లేని సమాచారాన్ని ఎక్కణ్ణుంచి తెస్తాం?

కాబట్టి రెస్పాన్సు చదివే పార్సర్‌కి రిక్వెస్టు మెథడ్ చెప్పి తీరాలి. మొత్తం రిక్వెస్టు అక్కర్లేదు. 'ఇది హెడ్‌కి జవాబు', 'ఇది కనెక్ట్‌కి జవాబు', 'మరేదో' అన్న మూడు ముక్కల్లో ఒకటి చాలు. ఎలా చెప్పాలన్నదే తేడా. నోడ్ (జావాస్క్రిప్ట్ నడిపే వేదిక) సృష్టికర్త రయాన్ డాల్ ఎంజిన్‌ఎక్స్ కోడు ఆధారంగా సీలో రాసిన హెచ్‌టీటీపీ-పార్సర్, హెడర్లు పూర్తయినప్పుడు మన కాల్‌బ్యాక్‌ను (మనం రాసిచ్చిన ఫంక్షనును) పిలుస్తుంది. అందులోంచి 1 తిరిగిస్తే 'దీనికి బాడీ లేదు, దాటెయ్' అని, 2 తిరిగిస్తే 'బాడీ లేదు, దీని తర్వాత హెచ్‌టీటీపీ మెసేజ్‌లూ లేవు' అని. ఆ తర్వాత నోడ్ 12 నుంచి డీఫాల్టయిన ఎల్ఎల్‌హెచ్‌టీటీపీ కూడా ఇదే ఒప్పందం పాటించింది. పనిచేస్తుంది, కోట్లాది కనెక్షన్ల మీద పనిచేసింది. అయినా నాకు నచ్చదు. కాల్‌బ్యాక్ రాసేవాళ్ల వేళ్లు అలవాటుగా చివర్లో 0 తిరిగిస్తాయి. ఆ 0కి అర్థం 'మామూలుగా చదువు' అని. మర్చిపోతే తప్పు జరిగే చోట, మర్చిపోవడమే డీఫాల్టు కాకూడదు. గో భాషలో రీడ్‌రెస్పాన్స్ ఫంక్షను రిక్వెస్టును రెండో ఆర్గ్యుమెంటుగా అడుగుతుంది, ఇది మెరుగు. అక్కడ కూడా నిల్ (ఏమీ లేదు) ఇస్తే గెట్ అని అనుకుంటుంది, అంటే తలుపు సగం తెరిచే ఉంది. నేనైతే మెథడ్ ఇవ్వకుండా కంపైలే కానివ్వను.

ఒకే కనెక్షన్ మీద వరసగా రిక్వెస్టులు పంపేవాళ్లకు ఇంకో జాగ్రత్త. పంపిన మెథడ్‌లను ఒక క్యూలో పెట్టుకోవాలి, జవాబు పూర్తయినప్పుడల్లా ముందున్నది ఒకటి తీసెయ్యాలి. ఇక్కడ బోల్తా కొట్టించేది 100, 103 లాంటి మధ్యంతర జవాబులు. అవీ ఖాళీ లైనుతో ముగిసే పూర్తి మెసేజ్‌లే, బాడీ ఉండదు. కానీ అవి తుది జవాబులు కావు, క్యూలోంచి ఏమీ తీయకూడదు. తీశారో, ఆ తర్వాతి ప్రతి జవాబూ పక్కవాడి ఖాతాలో పడుతుంది. క్లయింటు అడగకపోయినా, ఒకటి కంటే ఎక్కువ వచ్చినా వాటిని తట్టుకోవాలని ప్రామాణికం తప్పనిసరి చేసింది. 'మేం 100 అడిగే ఎక్స్‌పెక్ట్ హెడర్ పంపడం లేదు, మాకు 100 రాదు' అనేది చెల్లని సాకు. 101 మాత్రం వేరు. దాని ఖాళీ లైను తర్వాత ప్రోటోకాలే మారిపోతుంది, అంతవరకూ చదివేసిన మిగులు బైట్లను పారేయకుండా కొత్త ప్రోటోకాల్ చేతికి అప్పగించాలి. ఇలా 101తో మొదలయ్యే వెబ్‌సాకెట్‌లో మొదటి ఫ్రేము అప్పుడప్పుడూ మాయమైపోతోందంటే నేను మొదట చూసేది ఇక్కడే.

లేకపోవడం, సున్నా కావడం ఒకటి కాదు. కాటా చీటీలో నికర బరువు సున్నా అని ఉండటం వేరు, అసలు చీటీయే లేకపోవడం వేరు. మొదటి లారీని పంపించేస్తారు, రెండోదాన్ని ఆపుతారు. 200 జవాబులో కంటెంట్-లెంగ్త్: 0 ఉంటే వెంటనే పూర్తి, కనెక్షన్ మళ్లీ వాడుకోవచ్చు. అదే జవాబులో ఆ హెడర్ లేకపోతే, చంక్డ్ కూడా కాకపోతే, కనెక్షన్ మూసేదాకా వచ్చేదంతా బాడీయే. పొడవు కోసం ఒక ఇంటీజర్ పెట్టుకుని మొదట్లో 0 వేసిన పార్సర్‌కి ఈ రెండూ ఒకటే. హెచ్‌టీటీపీ-పార్సర్ అందుకే దాన్ని 64 బిట్లలో పట్టే అతిపెద్ద అంకెతో మొదలుపెడుతుంది. గో −1 వాడుతుంది. అదే గో, పంపే రిక్వెస్టులో పొడవు 0 ఉండి బాడీ ఆబ్జెక్టు నిల్ కాకపోతే ఆ 0ని 'తెలియదు' అని చదువుకుంటుంది. ఈ తికమక తీర్చడానికి గో 1.8లో నోబాడీ అని ప్రత్యేకంగా ఒక విలువ చేర్చాల్సి వచ్చింది. బ్రౌజర్ల ఫెచ్ ప్రామాణికం ఇంకా కచ్చితంగా ఉంది. స్టేటస్ 204తో రెస్పాన్స్ ఆబ్జెక్టు కడుతూ బాడీగా ఖాళీ స్ట్రింగు ఇస్తే టైప్‌ఎర్రర్ విసురుతుంది. ఖాళీ స్ట్రింగు అంటే సున్నా పొడవున్న బాడీ, 204కి అసలు బాడీయే ఉండదు. మొదటిసారి చూసినవాళ్లకు ఇది చాదస్తంలా ఉంటుంది. నాకు మాత్రం ఇది నిజాయితీ.

కాబట్టి ఖాళీ లైను దగ్గరి ఫంక్షను అంకెను తిరిగివ్వకూడదు. అయిదు రకాల్లో ఒకటి తిరిగివ్వాలి: బాడీ లేదు, ఇన్ని బైట్లు, చంకులు, మూసేదాకా, సొరంగం. తప్పుడు హెడర్లకు ఎర్రరు సరేసరి. ఇలా రాస్తే ఆ తర్వాతి కోడులో ఎవరూ హెడర్లను మళ్లీ తడమాల్సిన పని ఉండదు. హెడర్లను మూడు చోట్ల మూడు రకాలుగా చదివే కోడులో ఒకచోట సరిదిద్దితే ఇంకోచోట పాతదే ఉండిపోతుంది.

కంటెంట్-లెంగ్త్ విలువ చదవడంలోనూ అంతే పట్టుదల కావాలి. వ్యాకరణం ఒప్పేది అంకెలు మాత్రమే. ముందు ప్లస్ గుర్తు ఉన్న సున్నా, మైనస్ సున్నా, హెక్స్‌లో రాసిన సున్నా, అసలేమీ రాయని విలువ, ఇవన్నీ తప్పులే. చాలా భాషల్లోని ఇంటీజర్ మార్పిడి ఫంక్షన్లు ప్లస్ గుర్తునూ ముందు వెనకల స్పేసులనూ నిశ్శబ్దంగా మింగేస్తాయి, వాటిని నేరుగా వాడొద్దు. రెండు సున్నాలు రాస్తే మాత్రం చెల్లుతుంది. ఖాళీ విలువను సున్నాగా తీసుకోవడం అన్నిటికంటే ప్రమాదం, ఎందుకంటే పక్క సర్వరు దాన్ని ఇంకోలా తీసుకోవచ్చు.

రిక్వెస్టుల వైపు వస్తే రూలు తిరగబడుతుంది, చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. రెస్పాన్సులో మెథడూ స్టేటసూ చూసి బాడీ లేదని తేల్చాం. రిక్వెస్టులో మెథడ్ చూడనే కూడదు. గెట్‌కు బాడీ ఉండదని మనకో నమ్మకం. గెట్ బాడీకి అర్థం ఏదీ నిర్వచించలేదన్నది నిజమే, కానీ గెట్ రిక్వెస్టు కంటెంట్-లెంగ్త్: 37 అంటే ఆ 37 బైట్లు కనెక్షన్ మీద ఉన్నాయి. వాటిని చదివి పారేయాలి, లేదా 400 ఇచ్చి కనెక్షన్ మూసెయ్యాలి. పట్టించుకోకుండా వదిలేస్తే ఆ 37 బైట్లూ తర్వాతి రిక్వెస్టు మొదలులా కనిపిస్తాయి. ముందున్న ప్రాక్సీ వాటిని బాడీగా లెక్కేసి, వెనకున్న సర్వరు వాటిని కొత్త రిక్వెస్టుగా లెక్కేస్తే, దాడి చేసేవాడు తన రిక్వెస్టు లోపల ఇంకో రిక్వెస్టును దాచి పంపగలడు. 2005లో వాచ్‌ఫైర్ పరిశోధకులు రిక్వెస్ట్ స్మగ్లింగ్ అని పేరు పెట్టింది ఈ తరహా దాడులకే. 2022లో జేమ్స్ కెటిల్ చూపించిన 'సీఎల్.0' రకం కచ్చితంగా ఈ లోపం మీదే నిలబడింది: వెనక సర్వరు కొన్ని దారుల్లో కంటెంట్-లెంగ్త్‌ను లెక్కచేయకుండా, బాడీ లేనట్టే ముందుకు పోవడం. బాడీ లేదనుకోవడం కూడా ఒక నిర్ణయమే, తప్పు నిర్ణయమైతే దానికీ మూల్యం ఉంటుంది.

రెండు హెడర్లూ లేని పోస్ట్ వస్తే? దాని పొడవు సున్నా, అంతే. పొడవు తప్పక కావాలనుకునే సర్వరు 411 ('పొడవు చెప్పు') ఇవ్వొచ్చు, కానీ కనెక్షన్ మూసేదాకా చదవకూడదు. పంపేవాడు జవాబు కోసం కనెక్షన్ తెరిచి ఉంచుతాడు, మనం అతను మూస్తాడని చూస్తుంటాం, ఇద్దరం అలాగే ఉండిపోతాం.

ఇంకోటి, అప్లికేషను బాడీని చదవకుండానే 401 ('లాగిన్ కావాలి') లాంటి జవాబు ఇచ్చేసినా ఆ బైట్లు ఎక్కడికీ పోవు. మిగిలినదాన్ని ఒక హద్దు వరకూ చదివి పారేసి, అంతకు మించితే కనెక్షన్ మూసేయడం సరైన దారి. గో సర్వరు ఆ హద్దు 256 కిలోబైట్లు పెట్టుకుంది.

204తో పాటు బైట్లు పంపే సర్వర్ల సంగతి చెప్పకుండా ఈ విషయం ముగియదు. ఎలా జరుగుతుందంటే, అప్లికేషను 'ఏమీ లేదు' అని తిరిగిస్తుంది, ఫ్రేమ్‌వర్క్ దాన్ని అలవాటుగా జేసన్‌లోకి (డేటాను అక్షరాల్లో రాసే పద్ధతిలోకి) మార్చి 'నల్' అని నాలుగు ఇంగ్లీషు అక్షరాలు రాసేస్తుంది. స్టేటస్ 204, కంటెంట్-లెంగ్త్: 4, ఖాళీ లైను, ఆ నాలుగు బైట్లు. సరైన పార్సర్ ఖాళీ లైను దగ్గర జవాబు ముగిస్తుంది. ఆ నాలుగు బైట్లు బఫరులో మిగులుతాయి. తర్వాతి జవాబు వచ్చినప్పుడు స్టేటస్ లైను 'నల్‌హెచ్‌టీటీపీ/1.1 200' అని కనిపించి పార్సర్ ఎర్రరు చెబుతుంది. ఎర్రరు కనిపించేది రెండో జవాబులో, తప్పు ఉన్నది మొదటి జవాబులో. రెండోదాని కోడు తవ్వుతూ ఎన్ని గంటలు వృథా అవుతాయో దీంతో పడినవాళ్లకు తెలుసు.

'పోనీలే, కంటెంట్-లెంగ్త్ 4 అంటున్నాడుగా, ఆ నాలుగూ చదివేసి పారేద్దాం, ఉదారంగా ఉందాం' అనేవాళ్లు ఉన్నారు. మంచి మనసుతోనే అంటారు. నేను ఒప్పుకోను. మీ క్లయింటు నాలుగు బైట్లు మింగింది, మధ్యలోని ప్రాక్సీ మింగలేదు అనుకోండి. ఇద్దరి లెక్కల్లో జవాబు ముగిసే చోటు వేరైంది. అంతకుముందు చెప్పిన స్మగ్లింగ్‌కు ఈ తేడా చాలు, ఈసారి జవాబుల వైపు నుంచి. ఒకడికి వెళ్లాల్సిన జవాబు ఇంకొకడికి చేరుతుంది, కాష్‌లో తప్పుడు పేజీ కూర్చుంటుంది. ప్రామాణికం ఈ విషయంలో ఒకటి స్పష్టంగా చెప్పింది: చివరి రిక్వెస్టుకు తుది జవాబు పూర్తిగా వచ్చాక కూడా అదనపు బైట్లు ఉంటే వాటిని విడి జవాబుగా చూడకూడదు, కాష్ చేయకూడదు, ముందుకు పంపకూడదు. నేను చేసేది ఒకటే, అడగని బైటు ఒక్కటి కనిపించినా ఆ కనెక్షన్ మూసేస్తాను. మళ్లీ తెరవడానికి కొన్ని మిల్లీసెకన్లు పోతాయి, పోనివ్వండి. ఒక్క హెచ్చరిక: ఆ కనెక్షన్ మీద అప్పటికే పంపిన పోస్ట్ ఉంటే దాన్ని మీ లైబ్రరీ తనంతట తాను మళ్లీ పంపకూడదు. అది మొదటిసారే అందిందేమో తెలియదు. పంపితే గుంట రీడింగు రెండుసార్లు నమోదవుతుంది. గెట్, పుట్, డిలీట్‌లకైతే మళ్లీ పంపినా ఫలితం మారదు.

సర్వరు రాసేవాళ్లు తమ వైపున తలుపు వేసుకోవాలి. గోలో 204కో 304కో బాడీ రాయబోతే ఎర్రర్‌బాడీనాట్‌అలౌడ్ వస్తుంది. మంచి పద్ధతి, ప్రతి ఫ్రేమ్‌వర్కూ అలాగే చేయాలి. 1తో మొదలయ్యే జవాబుల్లో, 204లో కంటెంట్-లెంగ్త్ పంపడమే నిషేధం. 205 మాత్రం విచిత్రమైనది: బాడీ పంపకూడదు, కానీ ఖాళీ లైనుతో ముగిసే జాబితాలో అది లేదు. కాబట్టి కంటెంట్-లెంగ్త్: 0 పెట్టడమే మంచిది. పొడవు ఏ రకంగానూ చెప్పకపోతే అవతలి పార్సర్ కనెక్షన్ మూసేదాకా చదువుతుంది, తప్పు దానిది కాదు.

నిర్ణయం సరిగ్గా జరిగినా 'మెసేజ్ పూర్తయింది' అన్న సంగతి పైకి చేరకపోతే లాభం లేదు. స్టేట్ మెషీన్ (బైటు బైటుకీ స్థితి మార్చుకుంటూ చదివే కోడు) రాసేటప్పుడు ప్రతి స్టేటూ ఒక బైటు తీసుకుని ముందుకు కదులుతుందని అనుకుంటాం. బాడీ లేని మెసేజ్‌లో చివరి అడుగు మాత్రం బైటు లేకుండానే వేయాలి. ఖాళీ లైనులోని చివరి బైటైన ఎల్ఎఫ్ చదివాక లూపు 'బఫరులో ఇంకేమీ లేదు' అని బయటికొచ్చేస్తే, మెషీన్ బాడీ స్టేట్ గుమ్మంలోనే నిలబడిపోతుంది. తర్వాతి బైటు ఎప్పుడొస్తే అప్పుడు పూర్తయినట్టు ప్రకటిస్తుంది. ఆ బైటు తర్వాతి జవాబుది, ఆ జవాబుకు రిక్వెస్టు ఇంకా పంపనే లేదు, ఎందుకంటే ఇది పూర్తవలేదు. ఆ ఎల్ఎఫ్ చదివిన అడుగులోనే నిర్ణయమూ, బాడీ లేకపోతే పూర్తయిన ప్రకటనా రెండూ జరగాలి.

సాకెట్ దగ్గర దీనికి కవల తప్పు ఒకటుంది. మిగిలిన బైట్లూ బఫరు సైజూ పోల్చి చిన్నదాన్ని, కనెక్షన్ నుంచి బైట్లు తెచ్చే రిసీవ్ ఫంక్షనుకి ఇస్తాం. మిగిలినవి సున్నా అయితే సున్నా బైట్లు అడిగాం. సాకెట్ సున్నా తిరిగివ్వొచ్చు. రిసీవ్ సున్నా ఇస్తే అవతలివాడు మూసేశాడని అర్థం చేసుకునే కోడు దాని కిందే ఉంటుంది. అంతే, ఆరోగ్యంగా ఉన్న కనెక్షన్‌ను 'మధ్యలో తెగిపోయింది' అని పారేస్తుంది. సున్నా బైట్లు అడగకుండా ముందే చూసుకోవడం ఒక్క లైను పని.

దీనికి ఎదురుగా, మూసేదాకా చదివే జవాబులో కనెక్షన్ మూసుకోవడమే ముగింపు. అది పార్సర్‌కి చెప్పాలి. హెచ్‌టీటీపీ-పార్సర్‌లో సున్నా పొడవుతో ఎగ్జిక్యూట్ పిలవడం, ఎల్ఎల్‌హెచ్‌టీటీపీలో ఫినిష్ పిలవడం ఇందుకే. పిలవకపోతే బాడీ మొత్తం వచ్చినా పూర్తయినట్టు కబురు రాదు.

చంక్డ్‌లో ఖాళీ బాడీ అంటే అయిదు బైట్లు: సున్నా, సీఆర్‌ఎల్‌ఎఫ్, మళ్లీ సీఆర్‌ఎల్‌ఎఫ్. సున్నా కనిపించగానే ఆ లైనుతో ఆపేస్తే చివరి రెండు బైట్లు మిగిలిపోయి తర్వాతి మెసేజ్ ఖాళీ లైనుతో మొదలవుతుంది. సర్వర్లు రిక్వెస్టు లైనుకు ముందు ఒక ఖాళీ లైనును దాటవేయాలని ప్రామాణికం సూచిస్తుంది కాబట్టి రిక్వెస్టుల్లో ఈ తప్పు దాక్కుంటుంది, రెస్పాన్సుల్లో బయటపడుతుంది. ట్రెయిలర్లు (బాడీ తర్వాత వచ్చే హెడర్లు) ఉండే చోటు కూడా ఆ రెండింటి మధ్యే.

జీజిప్ (బాడీని కుదించి పంపే పద్ధతి) విషయం చాలామంది ఊహించరు. హెడ్‌కో 304కో వచ్చిన జవాబులో కంటెంట్-ఎన్‌కోడింగ్: జీజిప్ అని ఉండొచ్చు. హెడర్ చూడగానే డీకోడరు తెరిచి, మెసేజ్ పూర్తవగానే మూసే కోడు అక్కడ 'ఫైలు మధ్యలో తెగిపోయింది' అని ఎర్రరు ఇస్తుంది. దాని తప్పు లేదు. ఏమీ లేనిదాన్ని జీజిప్ చేస్తే కూడా 20 బైట్లు వస్తాయి: 10 హెడరు, 2 ఖాళీ బ్లాకు, 8 చివరి సరిచూపు. సున్నా బైట్లు జీజిప్ కానే కాదు. మొదటి బాడీ బైటు వచ్చాకే డీకోడరు తెరవాలి. జేసన్‌దీ ఇదే కథ. ఖాళీ స్ట్రింగు జేసన్ కాదు, 204 జవాబు మీద జేసన్ మార్పిడి పిలిస్తే ఎర్రరు రావడం న్యాయమే.

హెచ్‌టీటీపీ/2లో ఈ బాధ చాలావరకూ తీరింది. హెడర్ల ఫ్రేము మీదే ఎండ్-స్ట్రీమ్ జెండా ఉంటే బాడీ లేదు. కొందరు ఆ జెండా లేకుండా హెడర్లు పంపి, వెనక 9 బైట్ల ఫ్రేము హెడరుతో ఖాళీ డేటా ఫ్రేము ఒకటి పంపి దానిమీద జెండా పెడతారు. అప్లికేషనుకు రెండూ ఒకేలా కనిపించాలి. హెచ్‌టీటీపీ/2 నుంచి 1.1కి మార్చే ప్రాక్సీలో, జెండాతో వచ్చిన పోస్ట్‌కు కంటెంట్-లెంగ్త్: 0 రాయాలి, గెట్‌కు ఏమీ రాయనక్కర్లేదు.

ఇవన్నీ టెస్టుల్లో పట్టుబడాలంటే ఖరీదైన సరంజామా అక్కర్లేదు. మొదట చెప్పిన 27 బైట్ల 204 తీసుకోండి. దాన్ని రెండు ముక్కలు చేయగల చోట్లు 26. ఇరవై ఆరుసార్లూ పార్సర్‌కి రెండు ముక్కలుగా ఇవ్వండి, ఆపైన ఒక్కో బైటుగా ఇవ్వండి, ఆపైన మొత్తం ఒకేసారి ఇవ్వండి. అన్నిసార్లూ 'పూర్తయింది' అన్న కబురు ఒక్కసారే రావాలి, ఇరవై ఏడో బైటు ఇచ్చిన అదే పిలుపులో రావాలి. తర్వాత దాని వెనకే ఒక 200 జవాబు అతికించి రెండు కబుర్లు వస్తున్నాయేమో చూడండి. ముందు ఒక 103 అతికించి క్యూ కదలలేదని చూడండి. కంటెంట్-లెంగ్త్: 48213 పెట్టిన 304, అదే అంకెతో హెడ్‌కి 200, అదే అంకెతో గెట్‌కి 200. మూడింటి హెడర్లూ దాదాపు ఒకటే, మొదటి రెండూ అక్కడికక్కడే పూర్తవ్వాలి, మూడోది 48213వ బైటు దాకా ఆగాలి. చివరగా 204 వెనక నాలుగు అదనపు బైట్లు పెట్టి, పార్సర్ వాటిని ముట్టుకోకుండా ఎన్ని మిగిలాయో మీకు చెబుతోందో లేదో చూడండి. అవి నాలుగని చెబితే కనెక్షన్ మూయడం మీ కోడు పని.